మర్మాంగాల దగ్గర నీటి పొక్కులు: ఏ మందు, ఏ పరీక్ష పనికొస్తుంది, ఏది చెడగొడుతుంది

మర్మాంగాల దగ్గర పొక్కులు కనబడగానే చాలామంది డాక్టరు దగ్గరికి వెళ్ళరు. సిగ్గు అడ్డొస్తుంది. ముందు ఏదో ఒక ట్యూబు తెచ్చి రాసి చూద్దామనుకుంటారు. ఆ రాసి చూసే నాలుగైదు రోజుల్లోనే రెండు అవకాశాలు చేజారిపోతాయి. పొక్కు పచ్చిగా ఉన్నప్పుడు నమూనా తీసి జబ్బేమిటో తేల్చుకోవడం ఒకటి, మాత్రలు బాగా పనిచేసే తొలి మూడు రోజులు ఇంకొకటి. మందుల షాపులో చేతికందే వాటినీ, ల్యాబుల్లో చేసే పరీక్షలనూ మేము ఆ కొలతతోనే చూశాం. ఈ రెండు అవకాశాలనూ నిలబెట్టేది మంచిది, పాడుచేసేది ఎంత పేరున్నదైనా చెడ్డదే.

నీటి పొక్కుల గుంపు కనిపిస్తే ముందుగా అనుమానించాల్సింది హెర్పిస్‌ను, అంటే కలయికలో చర్మం నుంచి చర్మానికి అంటుకునే వైరస్ జబ్బును. ఎర్రబడిన చర్మం మీద ఆవగింజంత నీటి పొక్కులు ఒకేచోట అయిదారు లేచి, ఒకటి రెండు రోజుల్లో చితికి, తాకితే చురుక్కుమనే పచ్చిపుండ్లవుతాయి. పొడి చర్మం మీద అవి చెక్కు కట్టి మానతాయి. తడిగా ఉండే లోపలి పొర మీద చెక్కు కట్టదు, అందుకే ఆడవాళ్ళలో చాలాసార్లు పొక్కు దశ కంటబడకుండానే దాటిపోయి పుండ్లు మాత్రమే కనిపిస్తాయి. వైరస్ సోకిన 2 నుంచి 12 రోజుల్లో మొదటి విడత రావచ్చు. అప్పుడు జ్వరం, ఒళ్ళునొప్పులు, గజ్జల్లో బిళ్ళలు కట్టడం, మూత్రం పోస్తే మంట, అన్నీ కలిసి వస్తాయి. పూర్తిగా మానడానికి 2 నుంచి 4 వారాలు పడుతుంది. తర్వాతి విడతలు చిన్నవి. ముందురోజు ఆ చోట జివ్వుమంటుంది, తిమ్మిరిగా ఉంటుంది, పిర్ర నుంచి తొడ దాకా లాగుతుంది. వారం, పది రోజుల్లో తగ్గిపోతుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. వైరస్ సోకినవాళ్ళలో ఎక్కువమందికి ఆ సంగతే తెలియదు. మొదటి పొక్కు నెలల తర్వాతో, ఏళ్ళ తర్వాతో బయటపడవచ్చు. కాబట్టి ఈ రోజు పొక్కు వచ్చినంత మాత్రాన నిన్నమొన్న ఎవరో ఎవరినో మోసం చేశారని లెక్క తేల్చడం తప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో వేసిన అంచనా ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ వాళ్ళలో సుమారు 84 కోట్ల 60 లక్షల మందికి, అంటే అయిదుగురిలో ఒకరికి మించి, జననాంగ హెర్పిస్ ఉంది. ఇంత మామూలు జబ్బు గురించి ఇంత మౌనం ఉండటం వల్లే మందుల ఎంపిక ఇలా తలకిందులైంది.

అన్నిటికంటే ఎక్కువగా చేతికొచ్చేది, అన్నిటికంటే ఎక్కువ చెడు చేసేది స్టెరాయిడ్ కలిపిన ట్యూబు. ఒక ఘాటైన స్టెరాయిడ్, ఒక ఫంగస్ మందు, ఒక యాంటీబయాటిక్, మూడూ ఒకే గొట్టంలో ఉంటాయి. దురదకూ, ఎరుపుకూ, పుండుకూ అన్నిటికీ పనిచేస్తుందన్న భ్రమ అలా పుడుతుంది. రాసిన రోజే దురద తగ్గుతుంది, ఎరుపు పాలిపోతుంది, జనం మెచ్చుకునేది దాన్నే. స్టెరాయిడ్ నిజంగా చేసేదేమిటంటే ఆ చోట ఒంటి రక్షణను నిద్రపుచ్చడం. కింద ఉన్నది హెర్పిస్ అయితే వైరస్‌కు అడ్డు లేక పుండ్లు వెడల్పవుతాయి. తామర అయితే అంచులు చెరిగిపోయి గుర్తుపట్టలేని రూపంలో తొడల మీదికి పాకుతుంది. గజ్జి అయితే దురద అణిగి, పురుగు హాయిగా పెరుగుతుంది. డాక్టరు చూసే సమయానికి అసలు జబ్బు ఆనవాలే మిగలదు.

చోటు కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది. వృషణాల సంచి చర్మం ముంజేతి చర్మం కంటే 40 రెట్లు ఎక్కువగా హైడ్రోకార్టిజోన్‌ను పీల్చుకుంటుందని పరిశోధకులు కొలిచారు. పైగా గజ్జల్లో చర్మం మీద చర్మం ఒరుసుకుంటూ మందును ఇంకా లోపలికి తోస్తుంది. వారాల తరబడి రాస్తే చర్మం పల్చబడి రక్తనాళాలు బయటికి కనబడతాయి, చారలు పడతాయి. ఆ చారలు ఇక పోవు. ట్యూబులో నియోమైసిన్ ఉంటే దాని ఎలర్జీ వేరే తలనొప్పి. పెట్టె మీద క్లోబెటసాల్, బీటామెథసోన్, బెక్లోమెథసోన్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్ పేర్లలో ఏది కనబడినా అది స్టెరాయిడ్. క్లోట్రిమజోల్, మైకోనజోల్ లాంటివి ఫంగస్ మందులు, వాటితో ఈ ప్రమాదం లేదు, కాకపోతే నీటి పొక్కులకు అవి చేసే మేలూ లేదు. ఈ పొక్కులకు సంబంధించి స్టెరాయిడ్ ట్యూబుకు మేమిచ్చేది సున్నా మార్కులు. డాక్టరు కళ్ళతో చూసి, ఇది ఎగ్జిమా అనో సోరియాసిస్ అనో తేల్చి రాస్తే అది వేరే సంగతి.

ఎసైక్లోవిర్ 5 శాతం క్రీము కథ వేరు. మందు సరైనదే, దారి సరికాదు. వైరస్ నివాసం నడుము అడుగున వెన్నుపాము పక్కనున్న నరాల ముడుల్లో. చర్మం మీదికి వచ్చేది దాని సంతానం మాత్రమే. పైన రాసిన క్రీము పొక్కు అడుగుదాకా కూడా సరిగ్గా దిగదు. రోజుకు అయిదుసార్లు రాసినా విడత తగ్గేది అంతంతమాత్రం, మాత్రలు వేసుకుంటున్నప్పుడైతే ఇది కలపడం వల్ల ఒరిగేది లేదు. అందుకే అంతర్జాతీయ చికిత్సా మార్గదర్శకాలు జననాంగ హెర్పిస్‌కు క్రీమును ప్రోత్సహించవు. హాని చేయదు, కానీ "మందు వాడుతున్నాం కదా" అన్న ధీమా ఇచ్చి మాత్రల సమయాన్ని మింగేస్తుంది. వేలితో రుద్ది, అదే వేలితో కన్ను నులుముకుంటే కంటికి అంటుకునే ప్రమాదం కూడా ఉంది.

మార్కులన్నీ మాత్రలకే. ఎసైక్లోవిర్, వలసైక్లోవిర్, ఫామ్‌సైక్లోవిర్, మూడింటి పనితీరూ ఒకే తీరు. వైరస్ తన సొంత ఎంజైముతోనే మందును మేల్కొలుపుతుంది. అలా మేలుకున్న మందు వైరస్ డీఎన్ఏ గొలుసులో చొరబడి అది ముందుకు సాగకుండా ఆపేస్తుంది. వైరస్ లేని కణంలో ఆ ఎంజైము ఉండదు కాబట్టి మంచి కణాల జోలికి దాదాపు పోదు. అంత బాగా పనిచేసే మందు ఇంత తక్కువ ఇబ్బంది పెట్టడానికి కారణం అదే. ఎసైక్లోవిర్ వెనుక పనిచేసిన గెర్ట్రూడ్ ఎలియన్‌కు 1988లో వైద్యరంగ నోబెల్ దక్కింది.

మొదటి విడతకు పెద్దవాళ్ళకు ఇచ్చే మోతాదులు ఇవి: ఎసైక్లోవిర్ 400 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు, లేదా వలసైక్లోవిర్ 1 గ్రాము రోజుకు రెండుసార్లు, లేదా ఫామ్‌సైక్లోవిర్ 250 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు. ఏదైనా 7 నుంచి 10 రోజులు. అప్పటికీ పుండ్లు మానకపోతే పొడిగిస్తారు. తిరిగి వచ్చిన విడతకు కోర్సు చిన్నది: ఎసైక్లోవిర్ 800 రోజుకు రెండుసార్లు 5 రోజులు, లేదా రోజుకు మూడుసార్లు 2 రోజులు, వలసైక్లోవిర్ 500 రోజుకు రెండుసార్లు 3 రోజులు, ఫామ్‌సైక్లోవిర్ 1 గ్రాము రెండుసార్లు ఒక్కరోజు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు ఈ లెక్కలు పనికిరావు, మోతాదు తగ్గించాలి. కాబట్టి డాక్టరు చేత రాయించుకోవడం తప్పనిసరి. మాత్రలు వేసుకున్నన్నాళ్ళూ నీళ్ళు బాగా తాగాలి, ఒంట్లో నీరు తగ్గితే ఎసైక్లోవిర్ కిడ్నీల్లో పలుకులు కట్టే వీలుంది.

మూడింటిలో ఏది మేలు? వైరస్‌ను అణచడంలో పెద్ద తేడా లేదు. తేడా కడుపులో ఉంది. మింగిన ఎసైక్లోవిర్‌లో రక్తంలోకి చేరేది సుమారు 10 నుంచి 20 శాతమే, అందుకే రోజుకు మూడుసార్లు. వలసైక్లోవిర్ లోపలికి వెళ్ళాక ఎసైక్లోవిర్‌గానే మారుతుంది, కాకపోతే సగానికి పైగా రక్తంలోకి చేరుతుంది. మధ్యాహ్నం మాత్ర మరిచిపోయే అలవాటున్నవాళ్ళకు వలసైక్లోవిర్ నయం. గడియారం చూసి వేసుకోగలిగితే ఎసైక్లోవిర్ చాలు.

మాత్రలు పనిచేయలేదని చెప్పేవాళ్ళలో ఎక్కువమంది దగ్గర జరిగేది ఆలస్యం. మొదటి విడతకు 72 గంటల లోపు మొదలుపెట్టాలి. అది దాటినా కొత్త పొక్కులు ఇంకా లేస్తూంటే మొదలుపెట్టడమే మంచిది. తిరగబెట్టిన విడతకు ఇంకా తొందర కావాలి: జివ్వుమన్న రోజే, లేదా పొక్కు లేచిన 24 గంటల్లో. ఆ గడువు అపాయింట్‌మెంట్ దొరికే లోపే అయిపోతుంది కాబట్టి, జబ్బు ఒకసారి తేలినవాళ్ళు ఒక కోర్సు మాత్రలు ముందే రాయించుకుని ఇంట్లో ఉంచుకోవాలి. రెండో పొరపాటు, మంట తగ్గగానే మూడోరోజు ఆపేయడం. మూడోది, అసలు అది హెర్పిసే కాకపోవడం.

ఏ మాత్రా వైరస్‌ను నరాల ముడిలోంచి వెళ్ళగొట్టదు. మూలంనుంచి తీసేస్తామని అమ్మేది ఏదైనా అబద్ధమే. కానీ తరచూ తిరగబెట్టేవాళ్ళకు రోజూ వేసుకునే పద్ధతి ఉంది: ఎసైక్లోవిర్ 400 రోజుకు రెండుసార్లు, లేదా వలసైక్లోవిర్ 500 మిల్లీగ్రాములో 1 గ్రామో రోజుకు ఒకసారి. విడతలు 70 నుంచి 80 శాతం తగ్గుతాయి. ఈ వైరస్‌లో రెండు రకాలున్నాయి. 2004లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో, భార్యాభర్తల్లో ఒకరికే రెండో రకం హెర్పిస్ ఉన్నప్పుడు వలసైక్లోవిర్ 500 రోజూ వేసుకుంటే రెండోవారికి అంటుకోవడం 48 శాతం తగ్గింది. కండోమ్ తోడైతే ఇంకా మేలు, అయితే అది కప్పని చర్మం నుంచి కూడా వైరస్ అంటుకుంటుంది. పొక్కులు ఉన్నప్పుడు, జివ్వుమంటున్నప్పుడు కలయిక మానుకోవాల్సిందే. రెండో రకం వైరస్ మొదటి ఏడాది నాలుగైదుసార్లు తిరగబెట్టవచ్చు, మొదటి రకం సగటున ఒక్కసారే. ఏ రకమో తెలుసుకోమని చెప్పేది అందుకే.

నొప్పి సంగతి చాలా డాక్టరు చీటీల్లో కనబడదు, రోగిని ఏడిపించేది మాత్రం అదే. లిడోకెయిన్ 5 శాతం ఆయింట్‌మెంట్ పుండ్ల మీద పల్చగా, ముఖ్యంగా మూత్రానికి వెళ్ళే ముందు రాస్తే చాలా ఉపశమనం. బెంజోకెయిన్ ఉన్నవి వద్దు, ఎలర్జీ తెస్తాయి. అర లీటరు గోరువెచ్చని నీళ్ళలో ఒక టీస్పూను ఉప్పు కలిపి, రోజుకు రెండు మూడుసార్లు కడిగి, రుద్దకుండా అద్ది ఆరబెట్టాలి. పెట్రోలియం జెల్లీ పూస్తే బట్ట రాపిడి తగ్గుతుంది, కానీ అది లేటెక్స్ కండోమ్‌ను పాడుచేస్తుంది. మూత్రం మంట భరించలేకపోతే గోరువెచ్చని నీళ్ళు పోసుకుంటూ వెళ్ళాలి. మంటకు భయపడి నీళ్ళు తాగడం మానేస్తే మూత్రం చిక్కబడి మంట ఇంకా పెరుగుతుంది. పారాసిటమాల్ వేసుకోవచ్చు.

స్పిరిట్, నీళ్ళు కలపని యాంటీసెప్టిక్ ద్రవం, హైడ్రోజన్ పెరాక్సైడ్, ఇంట్లో నూరి పట్టించే ఆకులు అన్నీ ఒకే పద్దు. పచ్చిపుండు మీద అవి కాలిన గాయం చేస్తాయి. అంతకుమించి వాటి గురించి చెప్పడానికేం లేదు.

ఇక పరీక్షలు. వీటిలో మంచిచెడ్డలు ఎక్కువ, జనం చేత ఎక్కువగా చేయించేదీ పనికిరానిదే. అన్నిటికంటే మేలైనది పొక్కులోంచి దూది పుల్లతో తీసిన నమూనా (స్వాబ్) మీద చేసే పీసీఆర్, అంటే వైరస్ డీఎన్ఏను వెతికే పరీక్ష. పొక్కు కొన గిల్లి, దాని అడుగు భాగాన్ని స్వాబ్‌తో కాస్త గట్టిగానే రుద్ది తీయాలి. పైపైన నీరు అద్దితే కణాలు రావు, ఫలితం తప్పుతుంది. హెర్పిస్ ఉందో లేదో, ఏ రకమో రెండూ ఇదే చెబుతుంది. పొక్కు లేచిన ఒకటి రెండు రోజుల్లో తీస్తే నమ్మకం ఎక్కువ, చెక్కు కట్టాక తీస్తే నెగెటివ్ వచ్చినా ధైర్యంగా ఉండలేం. వైరస్‌ను ల్యాబులో పెంచి చూసే వైరల్ కల్చర్ దీనికంటే బలహీనం, తిరగబెట్టిన విడతల్లో మరీను. జాంక్ స్మియర్ మైక్రోస్కోపు కింద చూసే పాత పద్ధతి. హెర్పిస్‌కూ సర్పికీ తేడా చెప్పలేదు, చాలాసార్లు ఉన్న జబ్బునూ దాటేస్తుంది.

ఐజీఎం, ఐజీజీ అనేవి వైరస్‌కు ఎదురుగా ఒళ్ళు తయారుచేసుకునే ప్రతిరక్షకాల్లో రెండు రకాలు. రక్తంలో ఐజీఎం పరీక్ష చేయించమంటే వద్దని చెప్పండి. అది ఏ రకమో చెప్పదు, పాత ఇన్‌ఫెక్షన్ తిరగబెట్టినా పాజిటివ్ వస్తుంది, కాబట్టి "కొత్తగా సోకింది" అనడానికి ఆధారం కాదు. ఈ ఒక్క కాగితం పట్టుకుని కాపురాలు కూలగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. రకాన్ని విడదీసే ఐజీజీ కొంత మేలు, దానికీ షరతులున్నాయి. సోకిన తర్వాత ప్రతిరక్షకాలు పుట్టడానికి 12 వారాల దాకా పట్టవచ్చు, అంతలోపు నెగెటివ్‌కు అర్థం లేదు. రెండో రకానికి రిపోర్టులో రాసే అంకె, అంటే ఇండెక్స్ విలువ, 1.1 నుంచి 3 లోపు ఉంటే తప్పుడు పాజిటివ్ కావడం మామూలే, వేరే పద్ధతిలో ఖాయం చేసుకోవాలి. మొదటి రకం పాజిటివ్ అయితే అది చిన్నప్పుడు పెదవి దగ్గర సోకిందో, కింద సోకిందో రక్తం చెప్పదు. ఇంటికి కిట్ పంపి వేలి రక్తంతో చేసే సేవల్లో ఎక్కువ ఇచ్చేది ఈ ఐజీజీనే. పొక్కు కళ్ళముందు ఉండగా వాటికి డబ్బు పెట్టడం వృథా. లక్షణాలు లేనివాళ్ళకు హెర్పిస్ రక్తపరీక్ష వద్దనే మార్గదర్శకాలు చెబుతాయి.

ప్రతి పొక్కూ హెర్పిస్ కాదు, ఒకదాని మందు ఇంకొకదానికి పనిచేయదు. వెంట్రుక మొదట్లో చీముతో, ముఖ్యంగా షేవింగ్ తర్వాత లేచేది కుదురు వాపు. గోరువెచ్చని కాపడం 10, 15 నిమిషాలు రోజుకు మూడుసార్లు పెట్టి కొన్నాళ్ళు రేజరు మానేస్తే చాలావరకు తగ్గుతుంది. నున్నగా, ముత్యంలా మెరుస్తూ, నడిమధ్య గుంట ఉన్నవి మొలస్కమ్ అనే వేరే వైరస్ బుడిపెలు. నొప్పి ఉండదు, 6 నుంచి 12 నెలల్లో వాటంతటవే పోతాయి, గిల్లితే పాకుతాయి. శిశ్నం అంచు చుట్టూ వరసగా పేర్చినట్టుండే చిన్న బుడిపెలు, యోని లోపలి పెదవుల మీద పసుప్పచ్చని చుక్కలు సహజంగా ఉండే నిర్మాణాలు, వాటికి ఏ మందూ అక్కర్లేదు. పులిపిర్లు గరుకుగా కాలీఫ్లవర్ తలలా పెరుగుతాయి. వాటిమీద కాలి ఆనెల మందు, అంటే సాలిసిలిక్ ఆసిడ్, ఈ చోట ఎప్పుడూ వేయకూడదు. ఇమిక్విమాడ్, పొడోఫిల్లోటాక్సిన్ లాంటివి డాక్టరు చూసి ఇస్తారు. రాత్రిళ్ళు దురద ఎక్కువై, వేళ్ళ సందుల్లో కూడా ఉండి, ఇంట్లో ఇంకొకరు కూడా గోక్కుంటుంటే గజ్జి. పెర్మెత్రిన్ 5 శాతం మెడ నుంచి పాదాల దాకా రాసి 8 నుంచి 14 గంటలు ఉంచి కడగాలి, వారం తర్వాత మళ్ళీ రాయాలి, ఇంట్లో అందరూ ఒకేసారి రాసుకోవాలి. ఒక్కరే రాసుకుంటే తిరిగి వస్తుంది.

ఎక్కువగా జారిపోయేది మందు పొక్కు. కోట్రైమాక్సజోల్, టెట్రాసైక్లిన్ల లాంటి యాంటీబయాటిక్‌లు, కొన్ని నొప్పి మాత్రలు వేసుకున్న గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో శిశ్నం మీద, నోటి పెదవి మీద సరిగ్గా అదే చోట నీటి పొక్కు లేచి, మానాక నల్లని మచ్చ మిగిలి, అదే మాత్ర మళ్ళీ వేసుకుంటే అక్కడే మళ్ళీ వస్తుంది. ఏళ్ళ తరబడి హెర్పిస్ పేరుతో దీనికి మందులు మింగినవాళ్ళున్నారు. మాత్ర గుర్తించి ఆపడమే చికిత్స. నొప్పి లేకుండా, అడుగు గట్టిగా ఉన్న ఒంటరి పుండు అయితే సిఫిలిస్ అనే సుఖవ్యాధి అనుకోవాలి. సోకిన 10 నుంచి 90 రోజుల్లో వస్తుంది, దానంతటదే మానిపోతుంది, జబ్బు మాత్రం లోపల సాగుతుంది. తొలిదశకు బెంజథిన్ పెన్సిలిన్ 24 లక్షల యూనిట్లు ఒక్క ఇంజెక్షన్ చాలు. తొలివారంలో రక్తపరీక్ష నెగెటివ్ రావచ్చు, రెండు నుంచి నాలుగు వారాల్లో మళ్ళీ చేయించాలి. 2022 నుంచి ఎంపాక్స్‌ను (పాత పేరు మంకీపాక్స్) కూడా లెక్కలోకి తీసుకోవాలి: లోతుగా, గట్టిగా, నడుమ గుంటతో ఉండే పొక్కులు, జ్వరం, బిళ్ళలు.

మంచి క్లినిక్‌ను ఎలా గుర్తించాలంటే, బట్ట తీయించి మంచి వెలుతురులో చూస్తారు, నోరూ చూస్తారు, గజ్జలు తడుముతారు, వాడిన మందులన్నీ అడుగుతారు, స్వాబ్ తీస్తారు, సిఫిలిస్‌కూ హెచ్‌ఐవీకీ రక్తం పంపుతారు. బల్లకు అటువైపు కూర్చుని మాట విని ట్యూబు రాసిచ్చే చోటుకు మళ్ళీ వెళ్ళక్కర్లేదు. మూత్రం పూర్తిగా బిగుసుకుపోవడం, మెడ పట్టేసి తీవ్రమైన తలనొప్పి, కన్ను ఎర్రబడి నొప్పి, రోగనిరోధక శక్తి తగ్గే మందులు వాడుతున్నవాళ్ళకు పొక్కులు రావడం, ఇవి అదేరోజు ఆసుపత్రికి వెళ్ళాల్సినవి. గర్భిణులకు, అందులోనూ నెలలు నిండే సమయంలో మొదటిసారి వస్తే, బిడ్డకు అంటుకునే ప్రమాదం 30 నుంచి 50 శాతం. వెంటనే ప్రసూతి డాక్టరుకు చెప్పాలి, సిజేరియన్ గురించి ముందే నిర్ణయించుకోవాలి. ఎప్పటినుంచో ఉన్నదే తిరగబెడితే ఆ ప్రమాదం చాలా తక్కువ, 36వ వారం నుంచి ఎసైక్లోవిర్ 400 రోజుకు మూడుసార్లు ఇస్తారు.

డాక్టరు దగ్గరికి బయల్దేరేముందు పొక్కులు చిదమొద్దు, ఏమీ రాయొద్దు, గొరగొద్దు. పొక్కు నిండుగా ఉన్నప్పుడే ఫోనులో ఒక ఫోటో తీసి తేదీతో ఉంచుకోండి, అపాయింట్‌మెంట్ రోజుకు అది చితికిపోయి ఉండొచ్చు. గడిచిన రెండు వారాల్లో మింగిన ప్రతి మాత్ర పేరూ, జ్వరానికో నొప్పికో వేసుకున్నవి సహా, రాసిపెట్టుకోండి. ఇప్పటికే ఏదైనా ట్యూబు రాసి ఉంటే, ఖాళీదైనా సరే, వెంట తీసుకెళ్ళండి.